పెట్టె లేని నిధి వేట: వైజాగ్ బీచ్ నుంచి తాడిపత్రి దాకా జియోక్యాషింగ్

ఈ ఎపిసోడ్‌లో మన ఫోన్‌లో రోజూ వాడే లొకేషన్ పిన్ గురించి మాట్లాడుకుందాం. ఆర్డర్ ఇచ్చేటప్పుడు పంపుతాం, ఫ్రెండ్‌ని రమ్మనేటప్పుడు పంపుతాం. ఆ పిన్ వెనకాల రెండు అంకెలు ఉంటాయి. ఆ రెండు అంకెలతోనే ప్రపంచం మొత్తం ఒక ఆట ఆడుతోంది. దాని పేరు జియోక్యాషింగ్. ఎవరో ఒకరు ఒక చిన్న డబ్బా ఎక్కడో దాచిపెట్టి, ఆ చోటు అంకెలు ఇంటర్నెట్‌లో పెడతారు. మీరు ఆ అంకెలు పట్టుకుని వెళ్లి వెతకాలి. దొరికితే లోపలున్న చిన్న పుస్తకంలో పేరు రాసి, డబ్బాను ఉన్నచోటే పెట్టేసి రావాలి. అంతే ఆట.

ఇందులో కొత్తేముంది అంటారా? నిధి వేట మన అనంతపురం వాళ్లకు కొత్త కాదు, నిజమే. తొలకరి పడిందంటే చాలు, వజ్రకరూరు చేలల్లో, పక్కనే కర్నూలు జిల్లా జొన్నగిరి పొలాల్లో జనం తల వంచుకుని వజ్రాలు వెతుకుతుంటారు. ఇంకో రకం వేట కూడా ఉంది, గుప్తనిధుల వేట. రాత్రిపూట పాత గుళ్లలో నంది కింద తవ్వేవాళ్లు, కోటల్లో గోడలు పగలగొట్టేవాళ్లు. ఈ రెండో రకం వల్ల జియోక్యాషింగ్ మన ఊళ్లలో ఆడాలంటే కాస్త ఆలోచించాలి. ఎందుకో చెప్తాను. ముందు ఆట ఎక్కడ పుట్టిందో చూద్దాం.

2000 మే 2 రాత్రి ఏం జరిగింది

జీపీఎస్ అమెరికా సైన్యానిది. అది మొదట్లో అందరికీ ఒకేలా పనిచేసేది కాదు. సైన్యానికి మంచి సిగ్నల్, మామూలు జనానికి కావాలనే చెడగొట్టిన సిగ్నల్. సెలెక్టివ్ అవైలబిలిటీ అనేవారు దాన్ని. దాంతో మామూలు రిసీవర్ మీరున్న చోటును వంద మీటర్ల దాకా తప్పు చూపించేది. వంద మీటర్లంటే ఒక వీధికి బదులు ఇంకో వీధి. అలాంటప్పుడు చిన్న డబ్బాను ఎలా వెతుకుతారు?

2000 మే 2న అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆదేశంతో ఆ చెడగొట్టడం ఆపేశారు. మరుసటి రోజే, మే 3న, డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర అడవిలో ఒక బకెట్‌లో కొన్ని వస్తువులు పెట్టి దాచేశాడు. దాని అంకెలు ఒక ఇంటర్నెట్ చర్చా బృందంలో రాశాడు. ఉత్తరం 45 డిగ్రీల 17.460 నిమిషాలు, పడమర 122 డిగ్రీల 24.800 నిమిషాలు. కొద్ది రోజుల్లోనే మైక్ టీగ్ అనే ఆయన వెళ్లి పట్టేశాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో జెరెమీ ఐరిష్ దీనికోసం వెబ్‌సైట్ మొదలుపెట్టాడు. అక్కడి నుంచి ఆట దేశదేశాలకు పాకింది.

దాచడానికీ నియమాలున్నాయి. రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి. తవ్వి పాతిపెట్టకూడదు. స్థలం ఎవరిదో వాళ్ల అనుమతి ఉండాలి. తిండి వస్తువులు పెట్టకూడదు. లోపలున్న బొమ్మో, నాణెమో తీసుకుంటే దానికి సమానమైనది ఇంకోటి పెట్టాలి. వెతకడం ఎంత కష్టం, దారి ఎంత కష్టం అని రెండింటికీ 1 నుంచి 5 దాకా మార్కులు ఇస్తారు. ఆట తెలియని మామూలు జనాన్ని వీళ్లు మగుల్స్ అంటారు. హ్యారీ పోటర్ నుంచి తెచ్చుకున్న మాట. మగుల్స్ కంట పడకుండా డబ్బా తీయడం ఆటలో ఒక సరదా.

ఈ చివరి సరదా దగ్గరే మనకు ఇబ్బంది వస్తుంది. చూద్దాం.

ఆ అంకెలు మీటర్లలో ఎంత?

మ్యాప్‌లో ఏదైనా చోట వేలు నొక్కి పట్టుకుంటే రెండు అంకెలు వస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. అనంతపురం టౌన్ అయితే సుమారు 14.68, 77.60. విశాఖ ఆర్కే బీచ్ అయితే సుమారు 17.72, 83.33.

దశాంశ బిందువు తర్వాత ఎన్ని అంకెలున్నాయో గమనించండి. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే నేల మీద సుమారు 111 కిలోమీటర్లు. బిందువు తర్వాత ఒక్క అంకె ఇస్తే 11 కిలోమీటర్ల వరకు, అంటే మండలం తెలుస్తుంది. రెండంకెలు ఇస్తే 1.1 కిలోమీటర్లు, ఊరు తెలుస్తుంది. మూడైతే 110 మీటర్లు, వీధి. నాలుగైతే 11 మీటర్లు, ఇల్లు. ఐదైతే 1.1 మీటర్లు, ఆ ఇంటి గడప. మీ లొకేషన్ ఎవరికైనా పంపేటప్పుడు ఈ లెక్క గుర్తు పెట్టుకోండి. తెలియని వాళ్లకు ఐదంకెల పిన్ పంపడమంటే గడప చూపించడమే.

జియోక్యాషింగ్ వాళ్లు డిగ్రీలు, నిమిషాల పద్ధతి వాడతారు. ఒక డిగ్రీకి 60 నిమిషాలు. ఇక్కడ ఒక మంచి సంగతి ఉంది. అక్షాంశంలో ఒక నిమిషం నేల మీద దాదాపు ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు. ఓడల వాళ్లు సముద్రం మీద దూరం కొలిచే కొలత ఇదే. అనంతపురంలో చుట్టూ ఎక్కడ చూసినా వేరుశనగ చేలు, గుట్టలు, ఎండిన చెరువులు. సాలుకు పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. సముద్రం పేరు కూడా వినిపించని చోటు. అయినా మన ఫోన్ చోటు చెప్పేది నావికులు కనిపెట్టుకున్న లెక్కలోనే.

ఇంకా ముందుకు వెళ్తే, ఉపగ్రహాలతో చోటు కనుక్కోవడం మొదట మొదలైందే సముద్రం కోసం. 1957 అక్టోబర్ 4న రష్యా వాళ్లు స్పుత్నిక్ వదిలారు. అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు దాని బీప్ బీప్ సిగ్నల్ పట్టుకుని, ఆ శబ్దంలో మార్పును బట్టి ఉపగ్రహం ఎక్కడుందో లెక్క కట్టారు. తర్వాత దాన్ని తిరగేశారు. ఉపగ్రహం ఎక్కడుందో తెలిస్తే, నేల మీద మనం ఎక్కడున్నామో కనుక్కోవచ్చు కదా అని. అలా 1960ల్లో ట్రాన్సిట్ అనే వ్యవస్థ వచ్చింది. అది అమెరికా నేవీది. క్షిపణులు మోసే జలాంతర్గాములకు తామెక్కడున్నామో తెలియడం కోసం పెట్టారు. మన జేబులో ఉన్న జీపీఎస్‌కు అది పెద్దన్న లాంటిది.

ఫోన్ ఎలా కనుక్కుంటుంది

చాలామంది నన్ను అడిగేది: "అన్నా, జీపీఎస్‌కు డేటా ఖర్చవుతుందా?" అవదు. మన ఫోన్ ఉపగ్రహానికి ఏమీ పంపదు. రేడియోలో పాట విన్నట్టు, వినడం మాత్రమే చేస్తుంది. ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ "ఇప్పుడు టైం ఇంత, నేను ఇక్కడున్నాను" అని చెప్పుకుంటూ పోతుంటాయి. ఆ మాట మన దాకా రావడానికి సెకనులో వెయ్యో వంతులు సుమారు 67 పడుతుంది. ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి ఫోన్ దూరం లెక్క కడుతుంది. మూడు దూరాలు తెలిస్తే చోటు తెలుస్తుంది. ఫోన్‌లోని గడియారం అంత కచ్చితమైనది కాదు కాబట్టి, టైం సరిచేసుకోవడానికి నాలుగో ఉపగ్రహం కావాలి.

టైంలో తేడా ఎంత ప్రమాదమంటే, సెకనులో పది లక్షల వంతు తప్పితే 300 మీటర్లు తప్పినట్టే. ఐన్‌స్టీన్ సిద్ధాంతం ప్రకారం ఉపగ్రహంలోని గడియారం మన గడియారం కంటే రోజుకు సెకనులో పది లక్షల వంతులు 38 ఎక్కువ నడుస్తుంది. దాన్ని ముందే సరిచేయకపోతే ఒక్కరోజులో మన లొకేషన్ పది కిలోమీటర్లకు పైగా జరిగిపోతుంది. అనంతపురంలో ఉన్నవాడు రాప్తాడులో ఉన్నట్టు చూపిస్తుంది అనుకోండి.

మన దేశానికి సొంతంగా నావిక్ అని ఉంది. దాని మొదటి ఉపగ్రహం 2013 జులై 1న మన శ్రీహరికోట నుంచే ఎగిరింది. ఇప్పుడొస్తున్న ఫోన్లలో కొన్ని నావిక్ సిగ్నల్ కూడా వింటాయి.

ఖాళీ మైదానంలో మంచి ఫోన్ సుమారు ఐదు మీటర్ల లోపు చోటు చూపిస్తుంది. రాతి గోడల మధ్య, మండపం కింద, పెద్ద చింతచెట్టు కింద అయితే సిగ్నల్ గోడలకు తగిలి తిరిగొస్తుంది, పిన్ అటూ ఇటూ గంతులేస్తుంది. అందుకే జియోక్యాషింగ్‌లో ఒక అలవాటు ఉంది. చివరి పది మీటర్లు ఫోన్ జేబులో పెట్టి కళ్లతో వెతకడం. నేను ఈ ఆటలో నేర్చుకున్న గొప్ప విషయం ఇదే. ఫోన్ దగ్గరికి తీసుకొస్తుంది, చూడాల్సింది మనమే.

విశాఖలో సముద్రపు గుర్తుల మధ్య వేట

ఇప్పుడు అసలు వేటకు వద్దాం. మన రాష్ట్రంలో సముద్రానికి సంబంధించిన స్మారకాలు నడిచి వెళ్లేంత దగ్గరలో ఉన్న చోటు విశాఖ బీచ్ రోడ్డు. మా వైపు నుంచి రైలెక్కి వెళ్లే పిల్లలకు సముద్రం మొదటిసారి కనిపించే చోటు కూడా చాలాసార్లు అదే.

అక్కడ విక్టరీ ఎట్ సీ అనే యుద్ధ స్మారకం ఉంది. 1971 యుద్ధం జ్ఞాపకార్థం 1996లో కట్టారు. యుద్ధ విమానం, క్షిపణి, ట్యాంకు అన్నీ అక్కడ చూడొచ్చు. దాని వెనక ఉన్న కథ తెలిస్తేనే ఆ చోటు అర్థమవుతుంది. 1971 డిసెంబర్‌లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్‌ను అప్పటికే అండమాన్ వైపు పంపేశారు. డిసెంబర్ 3, 4 మధ్య రాత్రి ఘాజీ విశాఖ తీరానికి దగ్గర్లోనే మునిగిపోయింది. అందులో ఉన్న వాళ్లెవరూ బతకలేదు. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జిలే ముంచాయని మన నేవీ చెప్తుంది, లోపలే పేలుడు జరిగిందని పాకిస్తాన్ చెప్తుంది.

ఆ దగ్గర్లోనే ఇసుక మీద కురుసుర జలాంతర్గామి ఉంది. ఇది బొమ్మ కాదు, నిజమైనదే. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబర్ 18న మన నేవీలో చేరింది. 2001 ఫిబ్రవరి 27న రిటైరయింది. 2002 ఆగస్టు నుంచి జనం లోపలికెళ్లి చూస్తున్నారు. పొడవు 91 మీటర్లు. సర్వీసులో 73,500 నాటికల్ మైళ్లు తిరిగింది. ఇందాక చెప్పిన లెక్కతో గుణించండి: సుమారు 1,36,000 కిలోమీటర్లు. భూమి చుట్టూ మూడుసార్లు తిరిగి ఇంకా మిగులుతుంది. రోడ్డుకు అటువైపు 2017 నుంచి టీయూ 142 విమానం కూడా ఉంది. జలాంతర్గాములను వెతికే విమానం అది. దాక్కునేది ఒకవైపు, వెతికేది ఒకవైపు. నిధి వేటకు ఇంతకంటే మంచి చోటు ఏముంటుంది?

మరి అక్కడ డబ్బా దాచొచ్చా? వద్దు. ఒక్క నిమిషం ఆలోచించండి. నేవీకి సంబంధించిన స్మారకం, సాయంత్రం అయితే వేల మంది జనం. ఒక కుర్రాడు అటూ ఇటూ చూసి, ఎవరూ చూడట్లేదు అనుకుని, గోడ సందులో టేప్ చుట్టిన డబ్బా పెట్టి వెళ్లిపోతాడు. చూసినవాళ్లు ఏమనుకుంటారు? పోలీసులకు ఫోన్ వెళ్తుంది, బాంబ్ స్క్వాడ్ వస్తుంది, బీచ్ ఖాళీ చేయిస్తారు. ఐస్‌క్రీమ్ బండి, మురీ మిక్చర్ బండి అన్నీ ఆ సాయంత్రం మూసుకోవాల్సిందే. విదేశాల్లో ఇలా జియోక్యాష్ డబ్బాలను బాంబులనుకుని పేల్చేసిన సందర్భాలు ఉన్నాయి. "యజమాని లేని వస్తువులు ముట్టుకోవద్దు" అని ప్రతి రైల్వే స్టేషన్‌లో చిన్నప్పటి నుంచి వింటున్న వాళ్లం మనం. మన దగ్గర అది అక్షరాలా పాటించాల్సిన మాట.

అందుకే డబ్బా లేని పద్ధతి వాడతాం. జియోక్యాషింగ్‌లో దీనికి వర్చువల్ క్యాష్ అని పేరుంది. డబ్బా బదులు ప్రశ్న ఉంటుంది. చోటుకు వెళ్లి, కళ్లతో చూస్తేనే జవాబు దొరకాలి. ఇంట్లో కూర్చుని గూగుల్ చేస్తే దొరకకూడదు.

ఎలా తయారు చేయాలో చెప్తాను. నలుగురైదుగురు ఫ్రెండ్స్ కలిసి వైజాగ్ వెళ్తున్నారనుకోండి. ఒకరు వేట పెట్టేవాళ్లు, మిగతావాళ్లు ఆడేవాళ్లు. పెట్టేవాళ్లు ముందుగా వెళ్లి మూడు ప్రశ్నలు తయారు చేస్తారు. స్మారకం ముందు మెట్లు ఎన్ని? క్షిపణి మొన ఏ దిక్కు చూస్తోంది, ఉత్తరం అయితే 1, తూర్పు అయితే 2, దక్షిణం అయితే 3, పడమర అయితే 4. కురుసుర దగ్గర ఫలానా బోర్డులో మూడో లైనులో ఎన్ని పదాలు? ఇలా వచ్చిన అంకెలకు ఏ, బీ, సీ అని పేర్లు పెడతారు. చివరి చోటు అక్షాంశంలో నిమిషాల బిందువు తర్వాత వచ్చే మూడంకెల స్థానంలో ఏ, బీ, సీ పెడతారు. రేఖాంశం మామూలుగానే ఇచ్చేస్తారు.

ఒక్కో స్థానం విలువ ఎంతో చూసుకోండి. నిమిషంలో వెయ్యో వంతు, అంటే చివరి అంకె ఒకటి తప్పితే 1.85 మీటర్లు. పర్వాలేదు, చుట్టూ చూస్తే దొరుకుతుంది. మధ్య అంకె ఒకటి తప్పితే 18.5 మీటర్లు. మొదటి అంకె తప్పితే 185 మీటర్లు, వేట పోయినట్టే. కాబట్టి తేలిక ప్రశ్న ఏ, కష్టమైన ప్రశ్న సీ చేయండి. ఇంకోటి, మూడు అంకెలు కూడితే ఎంత రావాలో ముందే చెప్పండి. కూడిక కలవకపోతే ఎక్కడో తప్పు లెక్కపెట్టారని వాళ్లకే తెలిసిపోతుంది.

చివరి చోటు ఎప్పుడూ రోడ్డు వైపు, ఫుట్‌పాత్ మీద ఉండాలి. నీళ్ల వైపు పెట్టొద్దు. ఆ చోట రేఖాంశంలో రెండో దశాంశం ఒకటి ఎక్కువ రాస్తే పిన్ కిలోమీటర్ పైగా తూర్పుకు, అంటే సముద్రంలోకి పోతుంది. ఇది నవ్వులాటకు చెప్పట్లేదు. ఆర్కే బీచ్ దగ్గర అలలు లోపలికి లాగేస్తాయి. సముద్రం చూడని ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు మోకాలి లోతే కదా అని దిగి పోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. బావిలో, కుంటలో ఈత వచ్చినంత మాత్రాన సముద్రంలో పనికిరాదు. వేట తడి ఇసుక దగ్గర ఆగిపోవాలి.

మన అనంతపురంలో సముద్రం ఎక్కడుంది?

వైజాగ్ దాకా పోలేం అన్నా అంటారా? తాడిపత్రి వెళ్లండి. పెన్నా ఒడ్డున బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడి ఉంది. పెమ్మసాని నాయకుల కాలంలో, విజయనగర రాజ్యం నడుస్తున్నప్పుడు కట్టింది. బుగ్గ అంటే ఊట. ఇంత కరువు సీమలో నీటి ఊట పేరు పెట్టుకున్న దేవుడు. అక్కడ పూర్తికాని గోపురాలు ఉన్నాయి. ఆ కాలపు గోపుర ద్వారాల పక్కన తరచుగా కనిపించే బొమ్మ ఒకటుంది: తీగ పట్టుకుని నిలబడ్డ స్త్రీమూర్తి, ఆమె పాదాల కింద మకరం. మొసలి నోరు, ఏనుగు తొండం, చేప తోక కలిపినట్టుండే నీటి జంతువు. గంగమ్మ వాహనం అదే, వరుణుడి వాహనం అదే. సముద్రానికి ఇంత దూరంలో, నల్లరాయి మీద ఆ నీటి జంతువును చెక్కారు శిల్పులు.

నేను దీన్ని వేటగా ఇలా పెడతాను. గుడి బయట నుంచి మొదలు. ద్వారం దగ్గర మకరం కనుక్కోవాలి. దాని తొండం ఏ వైపు తిరిగింది? దాని నోట్లోంచి ఏం వస్తోంది? తర్వాత అదే ఊళ్లో చింతల వెంకటరమణ స్వామి గుడి. అక్కడ స్తంభాల మీద చేప, తాబేలు ఎక్కడైనా ఉన్నాయా, వెతికి లెక్కపెట్టాలి. చివరికి పెన్నా ఒడ్డు. ఏట్లో ఇవాళ నీళ్లున్నాయా, ఇసుకేనా? అదే చివరి ప్రశ్న, ఫోటో తీసి తేదీ రాయాలి. ఒకే ఏటిని ఏడాదిలో నాలుగుసార్లు నలుగురు ఫోటో తీస్తే అదొక రికార్డు. మన జిల్లాలో నీటి లెక్క ఎవరు రాసినా పనికొస్తుంది.

ఇప్పుడు మొదట్లో చెప్తానన్న గుప్తనిధుల సంగతి. పాత గుడి దగ్గర, కోట దగ్గర ఇద్దరు కుర్రాళ్లు ఫోన్ పట్టుకుని గోడల్లో, సందుల్లో వెతుకుతుంటే ఊరివాళ్లు ఊరుకోరు. ఒక ఊళ్లో మమ్మల్ని ఒక పెద్దాయన ఆపాడు. "ఏమప్పా, యాడ నుంచి వచ్చినారు? ఏం ఎతుకుతాండారు ఈడ?" అన్నాడు. కోపంగా కాదు, కానీ చేతిలో కర్ర ఉంది. "బొమ్మలు లెక్కపెడతాండాం పెద్దయ్యా, చేపలు ఎన్నుండాయో చూస్తాండాం" అని చెప్పి ఫోన్‌లో మా ప్రశ్నలు చూపించాను. ఆయన నవ్వి, మేము చూడని మూలకు తీసుకెళ్లి ఇంకో బొమ్మ చూపించాడు. పోయేటప్పుడు ఒక మాట అన్నాడు: "చూడండి, కానీ తవ్వేవాళ్లని తోడుకొని రావద్దండి."

ఆయన భయం నిజమైనది. గుప్తనిధుల పిచ్చితో పగిలిన నందులు, పెకలించిన లింగాలు రాయలసీమలో ఎన్నో ఉన్నాయి. ఒకసారి పగిలిన శిల్పం తిరిగి రాదు. చట్టం కూడా తెలుసుకోండి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో విలువైన నిధి దొరికితే కలెక్టర్‌కు తెలియజేయాలి, దాచుకోకూడదు. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 1958 చట్టం కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. మీరు పెట్టిన డబ్బా కోసం ఇంకెవరో వచ్చి రాయి జరిపితే, ఆ రాయి జరగడానికి కారణం మీరే అవుతారు. అందుకే గుడిలో, కోటలో, సమాధుల దగ్గర డబ్బా అసలు వద్దు. ప్రశ్న మాత్రమే. అది కూడా పగటిపూట, గుడి తెరిచి ఉన్నప్పుడు, పూజారిగారికి చెప్పి. ఇక్కడ మగుల్స్ కంట పడకుండా ఆడటం అనే సరదా పక్కన పెట్టేయండి. మన ఊళ్లలో అందరికీ చెప్పి ఆడటమే క్షేమం, సరదా కూడా దాంట్లోనే ఎక్కువ.

రాళ్ల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఎర్త్‌క్యాష్ అని ఇంకో రకం ఉంది. 2004లో మొదలైంది. దీంట్లోనూ డబ్బా ఉండదు. ఒక చోటికి వెళ్లి అక్కడి భూమి గురించి నేర్చుకుని జవాబు రాయాలి. వజ్రకరూరు దగ్గర భూమి లోతుల నుంచి వజ్రాలను మోసుకొచ్చిన కింబర్లైట్ రాయి ఉంది. అలాంటి చోట్లు మన జిల్లాకు భలే సరిపోతాయి.

గుత్తి పేరు కూడా ఒకసారి చెప్పాలి. జీపీఎస్ లేని రోజుల్లో విలియం లాంబ్టన్ అనే సర్వేయర్ 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టి, దేశం మొత్తాన్ని త్రిభుజాలుగా కొలిచే పని చేశాడు. సుమారు 78 డిగ్రీల రేఖాంశం వెంట ఉత్తరానికి సాగిన ఆ కొలతలో, 1811లో ఒక ఆధార రేఖను మన గుత్తి దగ్గర గొలుసులతో నేల మీద కొలిచారు. అర టన్ను బరువున్న యంత్రాన్ని కొండల మీదికి, గోపురాల మీదికి ఎక్కించేవారు. ఇవాళ మనం వేలితో నొక్కి చూసే అంకెల కోసం రెండు వందల ఏళ్ల కిందట మనుషులు ఇదే ఎండలో నడిచారు.

వెళ్లే ముందు

ఆఫ్‌లైన్ మ్యాప్ దింపుకోండి. సిగ్నల్ లేని గుట్టల్లో కూడా జీపీఎస్ పనిచేస్తుంది కానీ కింద మ్యాప్ లేకపోతే ఖాళీ తెర మీద చుక్క కనిపిస్తుంది అంతే. ఎండలో ఫోన్ వేడెక్కి ఆగిపోతుంది, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున తొమ్మిదిలోపు ముగించండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు తప్పనిసరి.

నడుస్తూ తెర చూడొద్దు. మన పొలాల్లో గోడ లేని పాత బావులున్నాయి, మూత పెట్టని వట్టిపోయిన బోర్లున్నాయి. ఫోన్‌లోని బాణం గుర్తుకు దారిలో బావి ఉందని తెలియదు. ఆగి చూడండి, ఫోన్ దించండి, తర్వాత నడవండి. రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టొద్దు. పాములు, తేళ్లు మన ఆట నియమాలు చదవలేదు.

ఒంటరిగా వెళ్లొద్దు, ఇంట్లో చెప్పి వెళ్లండి. ఎక్కడికి వెళ్తున్నారో నాలుగంకెల లొకేషన్ ఇంట్లోవాళ్లకు పంపండి. బయట పోస్ట్ చేసే ఫోటోలు మాత్రం తిరిగొచ్చాకే పెట్టండి.

ఈ వారం మీకు ఒక పని. మీ ఊళ్లో నీళ్లకు సంబంధించిన బొమ్మ ఒకటి వెతకండి. చేప కావచ్చు, మకరం కావచ్చు, పడవ కావచ్చు, గంగమ్మ కావచ్చు. చెరువు తూము రాయి మీద చూడండి, గుడి స్తంభం మీద చూడండి, రచ్చబండ పక్కన చూడండి. దాని గురించి దగ్గరికెళ్తేనే తెలిసే ఒక ప్రశ్న రాయండి. ముందు ఊళ్లోని ఒక పెద్దమనిషిని ఆ బొమ్మ కథ అడగండి, తర్వాత ఫ్రెండ్‌కు అంకెలు పంపండి. నిధి మీద చెయ్యి వేయకుండా, చూసి రావడం నేర్పే ఆట ఇది. మన సీమకు ఇప్పుడు అదే కావాలి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.